పాత పికప్‌ను తుక్కుకు పంపే ముందు అడుగు చెక్క వేసి చూద్దాం

మామిడికి పూత వచ్చింది. కోతకు ఇంకా నాలుగైదు నెలలుంది. కాయ ఎంత నిలుస్తుందో, ధర ఎంత పలుకుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, కోసిన కాయను ఎట్లా తోలుకోవాలన్నది మాత్రం ఇప్పుడే తేల్చుకోవాల్సిన సంగతి. అందుకే ఈ నెల మేము బండి గురించి రాస్తున్నాం. ఇంకా సూటిగా చెప్పాలంటే బండి అడుగు గురించి. రైతు సంఘం పత్రికలో వడ్రంగం పాఠాలేంటని కొందరు సభ్యులు నవ్వొచ్చు. నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మన పూతలపట్టు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పాత పికప్ ఒకటి చింతచెట్టు కిందో, పశువుల కొట్టం పక్కనో నిలబడి కనిపిస్తుంది. మహీంద్రా జీపు పికప్, టాటా 207, టాటా 407, ఎక్కడో ఒకచోట అల్విన్ నిస్సాన్ కూడా. అడిగితే అందరూ ఒకే మాట చెప్తారు: "ఇంజను బాగుందన్నా, బాడీనే పోయింది." దగ్గరికి పోయి చూస్తే బాడీ మొత్తం పోయి ఉండదు. పక్క డోర్లు బాగానే ఉంటాయి, వెనక డోరు గొలుసుతో సహా ఉంటుంది. పోయింది అడుగు రేకు. పైన చూస్తే నాలుగు తూట్లే. కిందికి దూరి చూస్తే రేకు పొరలు పొరలుగా ఊడి చేతికొస్తుంది. తుక్కు వ్యాపారి కిలోల లెక్కన ధర కడతాడు, బండి పోతుంది, ఆ సంవత్సరం నుంచి మనం బాడుగ బండి కోసం ఫోన్లు చేస్తా కూర్చుంటాం.

రేకు ఎందుకు పోతుందో మనకు తెలియనిది కాదు. జూన్‌లో మామిడి తోలతాం, కాయ సొన కారుతుంది. జులైలో అదే బండిలో యూరియా మూటలు తెస్తాం, ఒక మూట చినిగితే ఉప్పు రాలుతుంది. తర్వాత పశువుల ఎరువు తోలతాం. దాని మీద వాన పడుతుంది. రేకుకూ కింది అడ్డ కమ్మీలకూ మధ్య మట్టి చేరి, ఆ తడి ఆరదు. పైన రంగు కొట్టినంత మాత్రాన కింది తుప్పు ఆగదు. కొందరు పాత రేకు మీదే కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తారు. రెండు రేకుల మధ్య నీళ్లు నిలిచి, మొదటిది పదేళ్లు ఆగిన చోట రెండోది మూడేళ్లు కూడా ఆగదు.

సొంత బండి విలువ తెలియాలంటే 2025 సీజన్‌ను ఒకసారి తలుచుకుంటే చాలు. మనం బెంగళూరా అనే తోతాపురి కాయను అడిగే దిక్కు లేకపోయింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 అని ప్రకటించారు. ఆ 8 రూపాయల కోసం రైతు మళ్లీ రోడ్డెక్కాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు, టెంపోలు కిలోమీటర్ల పొడుగునా నిలబడ్డాయి. లోపలికి పోవడానికి రోజులు పట్టింది. పండిపోయిన కాయను రోడ్డు పక్కన పారబోసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ వరుసలో బాడుగ బండి పెట్టుకున్న రైతు పరిస్థితి వేరు, సొంత బండి ఉన్న రైతు పరిస్థితి వేరు. బాడుగ బండి రైతుకు ఒక పక్క కాయ తరుగుతా ఉంటే ఇంకో పక్క బాడుగ పెరుగుతా ఉండింది. డ్రైవరు "ఇంకో పార్టీ కాయ ఉంది, ఖాళీ చేస్తావా లేదా" అని అడుగుతుంటే ఎంతకో ఒకంతకు దించేసి రావాల్సి వచ్చింది. ఆ డ్రైవరును తప్పు పట్టడానికి లేదు, అతనికీ వాయిదా కట్టాల్సిన బండే అది. సొంత పాత టెంపో ఉన్నవాళ్లు మాత్రం సద్ది కట్టుకుని, దాని కిందే చాప పరుచుకుని పడుకున్నారు. కొందరు గేటు ముందర మాట నచ్చక బండి తిప్పుకుని బంగారుపాళెం యార్డుకు పోయారు. తిప్పుకున్నంత మాత్రాన ధర ఎక్కడా ఆకాశంలో లేదు, నిజమే. కానీ తిప్పుకోగలనన్న ధైర్యం బేరంలో కూర్చున్నవాడి గొంతు మారుస్తుంది. ఎదుటివాడు కూడా ముందు మన బండి వైపే చూస్తాడు. మన పూతలపట్టు కూడలి నుంచి చిత్తూరు ఒక దారి, తిరుపతి ఒక దారి, పీలేరు మీదుగా మదనపల్లె ఒక దారి. బండి మనదైతే మూడు దారులూ మనవే.

మరి కొత్త బండి కొనొచ్చు కదా అంటారు మన పిల్లలు. కొనొచ్చు. కొత్త పికప్ ఈరోజు పది లక్షల దరిదాపుల్లో ఉంది. రోజూ బాడుగకు తిరిగేవాడికి, పాలు, కూరగాయలు ఏడాది పొడుగునా తోలేవాడికి కొత్త బండే మేలు, అందులో మేము అడ్డం చెప్పం. మూడెకరాల తోట, ఎకరా చెరకు, రెండు పాడి పశువులు ఉన్న రైతుకు బండి పని ఏడాదిలో మూడు నాలుగు నెలలు. మిగతా నెలల్లో బండి నీడన నిలబడినా వాయిదా మాత్రం నిలబడదు. మామిడి ధర పడిపోయిన ఏడాది బండి వాయిదా తప్పిందంటే ఫైనాన్స్ వాళ్లు ఇంటి ముందర దిగుతారు. అట్లా బండితో పాటు పరువు కూడా పోగొట్టుకున్న ఇళ్లు మనకు తెలుసు. ఇంజను బాగున్న పాత బండికి అడుగు మార్చుకోవడం దీని ముందర ఎంత ఖర్చు? చెక్క, ఇనుప పట్టీలు, బోల్టులు, ఆచారి కూలి అన్నీ కలిపినా కొత్త బండికి కట్టే నెల వాయిదాలు కొన్నింటితో సరిపోతుంది.

చెక్క అడుగు అంటే వెనక్కి పోవడం అనుకునేవాళ్లున్నారు. ఇనుప అడుగే నిన్నగాక మొన్న వచ్చింది. ఎద్దుల బండికి ఉన్నది చెక్క పలకలే. మన చిన్నప్పుడు చూసిన లారీలకు అడుగు చెక్కే, పక్క డోర్లూ చెక్కే. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టి కారు మీదే పికప్ బాడీ కట్టి అమ్మడం మొదలుపెట్టింది, అక్కడి రైతులు దాన్ని ఎగబడి కొన్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు వాళ్ల పికప్‌లకు చెక్క పలకల అడుగులే ఉండేవి. షెవర్లే కంపెనీ కొన్ని మోడళ్లకు 1980ల దాకా చెక్క అడుగే వేసింది. ఈరోజు అక్కడ పాత పికప్‌లను ముచ్చటపడి బాగుచేయించుకునేవాళ్లు మళ్లీ చెక్కే వేయిస్తారు. వాళ్లది ముచ్చట, మనది అవసరం. అయినా పని ఒకటే.

మన దగ్గరి కథ కూడా ఒకటుంది. అల్విన్ నిస్సాన్ పేరు ఈ తరానికి తెలియదు. 1980ల్లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే, మెదక్ జిల్లా జహీరాబాద్‌లో, హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు జపాన్ నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు తయారు చేశారు. 1989లో ఆ కంపెనీని మహీంద్రా వాళ్లు తీసుకున్నారు. ఆ కాలంలో చాలా బండ్లు ఇంజను, క్యాబిన్, చాసిస్‌తో వచ్చేవి. వెనక బాడీ మాత్రం మన ఊళ్లల్లోని ఆచార్లు, కమ్మరులు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బాడీ కట్టే మేస్త్రీలు కట్టేవాళ్లు. ఎద్దుల బండికి ఇరుసు, ఆకులు, కుంభం తుమ్మతో చేసిన చేతులే లారీ అడుగు కూడా వేశాయి. ఆ చేతులు మన మండలంలో ఇంకా కొన్ని మిగిలున్నాయి. పనిలేక తలుపులకు గొళ్లేలు బిగిస్తున్నాయి.

ఇక పని సంగతి. మొదట చెక్క. మన దగ్గర దొరికేవాటిలో వేప మంచిది. పురుగు తొందరగా పట్టదు, ఎండకు వానకు తట్టుకుంటుంది. నల్లతుమ్మ ఇంకా గట్టిది, కానీ బరువు, చిత్రిక పట్టేవాడికి చెమటలు పట్టిస్తుంది. పైగా తుమ్మలోని వగరు తడి తగిలితే ఇనుమును తింటుంది, మేకు చుట్టూ నల్లగా మారేది అందుకే. తుమ్మ వేసేవాళ్లు జింకు పూత ఉన్న బోల్టులే వాడాలి. టేకు అన్నిటికంటే మేలు, ధరే గుండె మీద కూర్చుంటుంది. యూకలిప్టస్ వద్దు, మెలి తిరుగుతుంది, చివర్లు చీలుతుంది. మామిడి చెక్క పెట్టెలకు సరే గానీ బండి అడుగుకు వద్దు, పురుగు పట్టి పొడి రాలుతుంది. ఏ చెట్టైనా చేవ ఉన్న చెక్కే తీసుకోవాలి. చుట్టూ ఉండే తెల్ల చెక్కను చౌకగా ఇస్తామంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి.

పచ్చి చెక్క వేస్తే రెండో నెలలోనే సందులు పడతాయి. పెద్దవాళ్లు తుమ్మ దుంగలను కుంటలో నెలల తరబడి నానబెట్టి, తర్వాత నీడన ఆరబెట్టి వాడేవాళ్లు. పురుగు పట్టకుండా అదొక మందు. ఇప్పుడు కుంటలో నీళ్లు ఉంటే కదా. ఈ సీజన్‌కు అందాలంటే ఇంకో దారి ఉంది. మన ఊళ్లల్లో పాత పెంకుటిళ్లు, మిద్దెలు పడగొట్టి కొత్తవి కడుతున్నారు. ఆ దూలాలు, వాసాలు యాభై అరవై ఏళ్లు ఆరిన చెక్క. ఇటుకల బట్టీలో పొయ్యిలోకి పోయే లోపల మనం పట్టుకుంటే అంతకంటే మంచి సరుకు కోత మిల్లులో కూడా దొరకదు. ఒక్క జాగ్రత్త, పాత చెక్కలో మేకులు దాక్కుని ఉంటాయి. అవి తీయకుండా మిల్లుకు తీసుకుపోతే రంపం పళ్లు పోతాయి, మిల్లు యజమానితో తగువు మిగులుతుంది. కొత్తగా కోయించేవాళ్లు ఇప్పుడే పలకలుగా కోయించి, పలకకూ పలకకూ మధ్య చిన్న పుల్లలు పెట్టి నీడన పేర్చితే కోత నాటికి చాలావరకు ఆరుతుంది.

కొలత లెక్క చూద్దాం. బాడీ 8 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు అనుకుంటే 44 చదరపు అడుగులు. పలక మందం అంగుళంపావు ఉండాలి. అంటే సుమారు 4.6 ఘనపుటడుగుల చెక్క. కోతలో, చిత్రికలో పోయేది కలుపుకుంటే అయిదున్నర తెచ్చుకోవాలి. బరువు పెరుగుతుందని భయపడేవాళ్ల కోసం ఒక మాట: 44 చదరపు అడుగుల 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు దాదాపు 96 కిలోలు తూగుతుంది. అదే కొలతకు ఆరిన వేప పలకలు 90 నుంచి 100 కిలోలు. పైన పట్టీలు, బోల్టులకు ఇంకో ఇరవై కిలోలు వేసుకోండి. ఒక క్రేటు కాయ బరువంత తేడా.

పలకలు బండి పొడవునా వేయాలి, అడ్డంగా వేయకూడదు. అయిదున్నర అంగుళాల వెడల్పు పలకలు పదకొండు సరిపోతాయి. వాటి మధ్య పది సందులు వస్తాయి. ఆ సందు బోల్టు దూరేంత, చిటికెన వేలి మందం ఉండాలి. పలక అంచుల వెంబడి పైభాగాన చిన్న గాడి తీయాలి. రెండు పలకల గాళ్ల మీద ఒక ఇనుప పట్టీ కూర్చుంటుంది. తల గుండ్రంగా, మెడ కింద నలుచదరంగా ఉండే బోల్టు పట్టీలో నుంచి, సందులో నుంచి దిగి కింది అడ్డ కమ్మీకి బిగుసుకుంటుంది. ఈ పద్ధతిలో పలకకు తూటు పడదు. వానకు చెక్క ఉబ్బినా, ఎండకు ముడుచుకున్నా పట్టీ కింద జరగడానికి చోటుంటుంది. మేకులు కొట్టి బిగించిన పలక పగిలేది ఆ చోటు లేకే. పట్టీ చెక్క కంటే పిసరంత ఎత్తుగా ఉండేటట్లు చూసుకుంటే క్రేట్లు పట్టీల మీద జారతాయి, చెక్క అరగదు. నీళ్లు సందుల్లో నుంచి కిందికి పోతాయి. ఒక పలక పాడైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. ఇనుప రేకుకు ఈ సుఖం లేదు.

అడ్డ కమ్మీల మీద పాత ట్యూబు ముక్కలు పరిచి, వాటి మీద పలకలు వేస్తే చెక్కకూ ఇనుముకూ మధ్య తడి నిలవదు, గతుకుల్లో చప్పుడూ తగ్గుతుంది. కమ్మీలకు ముందే తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టాలి. పలకలకు అవిసె నూనె రెండు మూడు సార్లు, అడుగు వైపు కూడా, ముఖ్యంగా కోసిన చివర్లకు బాగా తాగించాలి. నీళ్లు పీల్చేది ఆ చివర్లే. చాలామంది ఇంజనులో నుంచి తీసిన కాలిన ఆయిల్ పూస్తారు. ఉచితంగా వస్తుంది, నల్లగా నిగనిగలాడుతుంది. మేమైతే వద్దంటాం. తినే కాయ, బెల్లం, వడ్లు పోసే అడుగు అది. ఆ వాసన కాయకు పట్టిందని యార్డులో ఒక మాట అంటే తరుగు ఇంకో పది కిలోలు పెరుగుతుంది.

పాత రేకును పూర్తిగా తీసేయాలి. దాని మీదే పలకలు వేయొద్దు. తడి నిలుస్తుందన్నది ఒక కారణం, రెండో కారణం మన జిల్లాకే ప్రత్యేకం. శేషాచలం పక్కన ఉన్నవాళ్లం. ఎర్రచందనం దుంగలను కూరగాయల కింద, రెండు అడుగుల మధ్య దొంగ అరల్లో దాచి తోలేవాళ్ల పుణ్యాన చెక్‌పోస్టులో ప్రతి పాత పికప్ అడుగునూ తట్టి చూస్తారు. అడుగు కింద రేకు, మధ్యలో ఖాళీ, పైన కొత్త చెక్క కనిపిస్తే రైతు గంటసేపు జవాబు చెప్పుకోవాలి. కిందికి దూరి చూసేవాడికి పలకలు నేరుగా కనిపించేటట్లు ఉంటే ఏ గొడవా లేదు.

చెక్క అడుగు వల్ల కాయకు దెబ్బ తగలదని చెప్పం. కింది వరస కాయను నలిపేది పై కాయ బరువు. దానికి గడ్డి పరవడం, మరీ ఎత్తుగా పోయకపోవడమే మందు. కానీ వేడి సంగతి వేరు. మే, జూన్ ఎండకు ఇనుప రేకు పెనమవుతుంది. గేటు ముందర ఒక పూట నిలబడితే రేకుకు తగిలిన కాయ ఉడికినట్లు మెత్తబడుతుంది. చెక్క అంతగా కాగదు. కాయ కంటే ముందు మనుషుల గురించి చెప్పాలి. లోడు ఎత్తే కూలీలు, ఎక్కువ మంది ఆడవాళ్లు, చెప్పులు జారతాయని వట్టి కాళ్లతో బండెక్కుతారు. రేకు మీద నీళ్లు చల్లి, గోనెసంచి పరిచి, మళ్లీ చల్లి, ఆ తడి మీద జారి పడినవాళ్లు ఉన్నారు. కూలి పెంచమని అడగడానికి సంఘం ఉన్నట్టే, కాలు కాలకుండా చూడడానికీ సంఘం ఉండాలి కదా.

ఇప్పుడు ఆఫీసుల సంగతి. 2021 ఆగస్టులో కేంద్రం వాహనాల తుక్కు విధానం ప్రకటించింది. దాన్ని చదివినవాళ్లకు తెలుసు, ప్రభుత్వ బండ్లను పక్కన పెడితే, మన బండ్లకు వయసు దాటింది కాబట్టి తుక్కు చేయాలని అందులో లేదు. ఫిట్‌నెస్ ఉంటే తిరగొచ్చు, లేకుంటే పోవాలి. ఈ మాట న్యాయంగానే ఉంది. మనకు అభ్యంతరం దాని వెనకాలే వచ్చిన ఫీజుల మీద. 2021 అక్టోబర్ నోటిఫికేషన్‌తో, 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన తేలికపాటి బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు 7,500, మధ్యస్థ బండికి 10,000, భారీ బండికి 12,500 రూపాయలుగా పెట్టారు. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. 2025లో ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు మళ్లీ పెంచారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఈ సర్టిఫికెట్ ఏటా తీసుకోవాలి. పరీక్ష చేసేది అవే బ్రేకులు, అవే లైట్లు, అదే పొగ. పరీక్ష మారలేదు, మారింది బండి పుట్టిన సంవత్సరం. పాత బండి అమ్ముకుని పొమ్మని చెప్పకుండా చెప్పడమే ఇది. రైతు తన పంట తోలుకోవడానికి, బాడుగకు తిప్పకుండా వాడుకునే బండికి ఈ ఫీజు మామూలు బండితో సమానంగా ఉండాలన్నది మా డిమాండు. ట్రాక్టరు వ్యవసాయ పనిముట్టయినప్పుడు, ఏడాదికి నాలుగు నెలలు మామిడి, బెల్లం తోలే పికప్ ఏమవుతుంది?

అడుగు మారిస్తే రిజిస్ట్రేషన్ చెల్లదని ఎవరో భయపెట్టారని కొందరు అడిగారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేకుండా చేయకూడదన్నది బండి మూల స్వరూపం మారే మార్పులను. పొడవు, వెడల్పు, ఎత్తు పెంచకుండా, బరువు దాదాపు అంతే ఉంచి, పోయిన అడుగును కొత్త అడుగుతో మార్చుకోవడం మరమ్మతు. అయినా చేతిలో కాగితం ఉంటే మంచిది. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఖాళీ బండిని కాటా వేయించి ఆ రెండు చీటీలు ఆర్‌సీతో పాటు పెట్టుకోండి.

చెట్టు సంగతిలో కూడా ఇబ్బంది ఉంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. చట్టం మంచిదే, చెట్లు మిగలాలి. ఒక వేపచెట్టు కొట్టుకుని బదులుగా మొక్కలు నాటతామని గట్టు మీద నిలబడి చెప్పే రైతుకు ఆ అనుమతి ఊళ్లోనే, గడువు లోపల అందాలి. కోత మిల్లుకు తోలేటప్పుడు దారిలో ఎవరు ఆపినా చూపించడానికి ఆ కాగితమే చాలాలి. దీని మీద అర్జీ రాస్తున్నాం, సంతకాలు కావాలి. అట్లాగే వ్యవసాయ యాంత్రీకరణ పేరుతో ఇచ్చే రాయితీలన్నీ కొత్త యంత్రం కొన్నవాడికే పోతున్నాయి. ఉన్నదాన్ని బాగుచేసుకునేవాడికి రూపాయి లేదు. దాంతో లాభపడేది షోరూములే.

మా మాటకు ఎదురు మాట లేకపోలేదు. పాత బండి పొగ చిమ్ముతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. మొగిలి ఘాట్‌లో బ్రేకు పడకపోతే అడుగు చెక్కదైనా ఇనుపదైనా ఒకటే. అందుకే ఏ బండికి పడితే దానికి చెక్క వేయించమని మేము చెప్పడం లేదు. చాసిస్ పగులు పట్టిన బండి, అడ్డ కమ్మీలు తిన్న బండి, బ్రేకు పైపులు అతుకుల మీద నడిచే బండి తుక్కుకు పోవాల్సిందే. ముందు మెకానిక్, తర్వాత ఆచారి. ఈ వరస తిరగేసి, కొత్త అడుగు మీద మోజుతో పాత బ్రేకులతో లోడు ఎక్కించేవాళ్లను సంఘం వెనకేసుకు రాదు. బరువు కూడా అంతే. అడుగు గట్టిదైంది కదా అని రెండు టన్నులు పోస్తే విరిగేది స్ప్రింగు పట్టీ.

ఈసారికి మండల సంఘం తరఫున ఒక ఏర్పాటు అనుకున్నాం. బండ్లున్న సభ్యులు పది మంది ముందుకొస్తే చెక్క ఒకేసారి కొని, ఒకే మిల్లులో కోయించి, పట్టీలు, బోల్టులు చిత్తూరులో టోకున తెచ్చుకుంటే ఒక్కొక్కరిగా కొన్నదానికంటే తగ్గుతుంది. పని తెలిసిన పెద్ద ఆచారులు ఇద్దరు ఒప్పుకున్నారు. వాళ్ల షరతు ఒకటే, పక్కన పని నేర్చుకునే పిల్లలు ఇద్దరిని ఇవ్వాలట. కూలి మనం ఇవ్వాలి, పిల్లలకు కూడా. పూలదండ వేసి, శాలువా కప్పి కూలి ఎగ్గొట్టే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి ముందే రాస్తున్నాం. ఎవరి ఇంట్లోనైనా పాత దూలాలు, విరిగిన ఎద్దుల బండి ఉంటే చెప్పండి, ధర కట్టి తీసుకుంటాం.

వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు మూడు కొలతలు రాసుకుని రండి: బాడీ లోపలి పొడవు, లోపలి వెడల్పు, కింద అడ్డ కమ్మీలు ఎన్ని, వాటి మధ్య దూరం ఎంత. కమ్మీలు చూడాలంటే బండి కిందికి దూరాల్సిందే. దూరినప్పుడు ఒక స్క్రూడ్రైవరు పట్టుకుపోయి ప్రతి కమ్మీనీ రెండు చివర్లా గట్టిగా పొడిచి చూడండి. ఎక్కడైనా లోపలికి దిగితే అది కూడా కాగితం మీద రాయండి. ఆ బండి సంగతి ముందు వెల్డర్‌తో మాట్లాడదాం.